రామన్నపేట నుంచి పోయి మెట్రో ఎక్కేవారికి: చేయవలసినవి - చేయకూడనివి

రామన్నపేట నుంచి పట్నం పోవడానికి మూడు దారులున్నాయి. వలిగొండ, భువనగిరి మీదుగా బస్సులో పోతే ఉప్పల్‌లో దిగుతాం. చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పోతే ఎల్.బి. నగర్‌లో దిగుతాం. రైలెక్కితే సికింద్రాబాద్ చేరుతాం. మూడు చోట్లా దిగిన దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది. 2017 నవంబర్‌లో నాగోల్ - మియాపూర్ మధ్య మొదలైన హైదరాబాద్ మెట్రో, 2018 సెప్టెంబర్ 24న ఎల్.బి. నగర్ దాకా వచ్చింది. స్టేషన్లన్నీ స్తంభాల మీదే ఉన్నాయి, భూగర్భంలో ఒక్కటి కూడా లేదు. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ పోయేవారికి మాత్రం భూగర్భ స్టేషన్లు తప్పవు కాబట్టి వాటి జాగ్రత్తలు కూడా ఇందులో చేర్చాం.

మన వైపు వారికి మెట్రోలో ముప్పు ఎక్కువగా బస్సు అలవాట్ల వల్లే వస్తుంది. బస్సు దగ్గర కేకేస్తే కండక్టర్ ఆపుతాడు, పరుగెత్తి కమ్మీ పట్టుకుంటే ఎవరో చెయ్యి అందిస్తారు. మెట్రోలో ఆ కేక ఎవరికీ వినపడదు. తలుపు మూసుకుందంటే రైలు కదిలినట్టే. మొదటిసారి ఎక్కేవారు, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయేవారు, చీరల మూటలతో పోయే నేత కుటుంబాలు ఈ సూచనలను ఒకటికి రెండుసార్లు చదవండి.

చేయవలసినవి

ఇంటి నుంచి కదిలే ముందు

- ఎక్కాల్సిన, మారాల్సిన, దిగాల్సిన స్టేషన్ల పేర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.
- నిమ్స్‌కు పోయేవారు పంజగుట్ట, గాంధీ ఆసుపత్రికి పోయేవారు గాంధీ హాస్పిటల్ స్టేషన్ అని గుర్తుంచుకోండి.
- పిల్లల జేబులో, మతిమరుపు ఉన్న పెద్దల జేబులో పేరు, ఊరు, ఇంటివారి ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.
- విడిపోతే ఏం చేయాలో ఇంట్లోనే చెప్పి ఉంచండి. ముందు పోయినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, వెనుక ఉన్నవారు తర్వాతి రైలులో రావాలి.
- మడమను పట్టి ఉంచే చెప్పులు వేసుకోండి. జారే హవాయి చెప్పులతో కదిలే మెట్లు ఎక్కడం ప్రమాదం.
- ఒక్క చేత్తో ఎత్తగలిగినంత సామానే తీసుకుపోండి. రెండో చెయ్యి పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి.
- షుగర్, బీపీ, ఫిట్స్ మందులు చేతి సంచిలో పైకే పెట్టుకోండి.
- ఎండాకాలంలో నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లం వెంట ఉంచుకోండి.
- తిరుగు ప్రయాణానికి ఆఖరి మెట్రో వేళ, ఆఖరి బస్సు వేళ పొద్దున్నే కనుక్కోండి.

రామన్నపేట రైల్వే స్టేషన్‌లో

- రైలు వచ్చే వేళకు కాస్త ముందే చేరండి. ఆలస్యమైనప్పుడే మనిషి పట్టాలకు అడ్డంపడి దాటుతాడు.
- సిబ్బంది చూపిన దారిలోనే అవతలి వైపుకు పోండి.
- ఆగకుండా పోయే రైలు ఉందని చెబితే ప్లాట్‌ఫారం అంచు వదిలి గోడ వైపు జరగండి.
- 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్ - తిరుపతి వందే భారత్ ఈ దారినే పోతుంది, ఇక్కడ ఆగదు. రెండు వైపులా చూడండి.
- పిల్లలను మణికట్టు దగ్గర పట్టుకోండి, వేళ్లు పట్టుకుంటే గుంజుకుని పోతారు.
- బీబీనగర్ - గుంటూరు రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. పనులు జరిగే చోట కంకర కుప్పలకు, యంత్రాలకు దూరంగా నడవండి.
- రైలులో ఆపద వస్తే 139కి ఫోన్ చేయండి.

ఉప్పల్, ఎల్.బి. నగర్ రింగ్ రోడ్ల దగ్గర

- బస్సు పూర్తిగా ఆగాకే దిగండి, ఎడమ పక్క నుంచి బైకు వస్తోందేమో చూసి కాలు పెట్టండి.
- ఉప్పల్‌లో రోడ్డు దాటడానికి 2023 జూన్ 26న ప్రారంభమైన స్కైవాక్ ఎక్కండి. దానికి లిఫ్టులు ఉన్నాయి, మెట్రో స్టేషన్‌కు నేరుగా కలుస్తుంది.
- ఎల్.బి. నగర్‌లో ఒక వైపు మెట్లెక్కి, స్టేషన్ లోపలి నుంచే అవతలి వైపు దిగండి. అలా దాటడానికి టికెట్ అక్కర్లేదు.
- వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ స్తంభాల వెంట నడిచేటప్పుడు గుంతలు, బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు చూసుకోండి.
- ఆటో ఎక్కే ముందు నంబర్ చదివి ఇంటికి పంపండి, చీకటి పడ్డాక మరీ ముఖ్యం.
- స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ఆట ముగిసే వేళకు ఉప్పల్, స్టేడియం స్టేషన్లకు పోకుండా ప్రయాణం ముందుకో వెనక్కో జరుపుకోండి.

తనిఖీ, టికెట్ దగ్గర

- సంచి మెషీన్‌లో పెట్టే ముందు డబ్బు, బంగారం, ఆసుపత్రి కాగితాలు ఉన్న చిన్న సంచి ఏదో గుర్తు పెట్టుకోండి, అవతల ముందుగా అదే అందుకోండి.
- గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు తనిఖీకి ముందే ఆ సంగతి చెప్పి కార్డు చూపండి.
- తోటివారు తనిఖీలో వెనుకబడితే ఇవతలే ఆగండి, గేటు దాటాక తిరిగి రావడం కష్టం.
- గేటు తెరుచుకోగానే ఒక్కొక్కరే, ఆగకుండా దాటండి. పిల్లలను మీ ముందు నడిపించండి.

మెట్లు, లిఫ్టు, ప్లాట్‌ఫారం

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన మాట ఒకటుంది. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు బిగిసిపోయిన పెద్దవాళ్లు చాలామంది. మెడ తిప్పి పక్కకు చూడలేని అవ్వను, తాతను కదిలే మెట్ల మీద నిలబెట్టి తొందరపెట్టడం తగదు. లిఫ్టులు వారి కోసమే ఉన్నాయి. నాలుగు నిమిషాలు వరుసలో నిలబడాల్సి వచ్చినా వాటిలోనే తీసుకుపోండి.

- నడవలేనివారి కోసం చక్రాల కుర్చీ అడగండి, సిగ్గుపడకండి.
- కదిలే మెట్ల మీద ఎడమ వైపు నిలబడి, పట్టీ పట్టుకుని, ఎదురుగా చూడండి.
- మెట్టు వచ్చి నేలలో కలిసే చోట దువ్వెన పళ్లలాంటి ఇనుప పట్టీ ఉంటుంది. చీర కుచ్చిళ్లు రెండు అంగుళాలు ఎత్తి పట్టుకుని, కాలు ఎత్తి దాన్ని దాటండి.
- బట్ట గానీ చెప్పు గానీ ఇరుక్కుంటే మెట్ల మొదట్లో, చివర్లో ఉండే ఎర్ర బటన్ నొక్కమని కేకేయండి.
- ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకు వెనకే నిలబడండి. పిల్లలు మీకూ గీతకూ మధ్య కాకుండా మీ వెనుక ఉండాలి.
- రైలు ఎటు పోతుందో బోర్డు చదివి ఎక్కండి. ఉప్పల్‌లో రాయదుర్గం వైపు, నాగోల్ వైపు వేర్వేరు ప్లాట్‌ఫారాలు.
- దిగేవారు దిగాక ఎక్కండి, తలుపుకు ఇరుపక్కలా నిలబడి దారి ఇవ్వండి.

రైలులో

- ఎక్కగానే రెండడుగులు లోపలికి జరిగి కమ్మీ పట్టుకోండి. రైలు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది.
- ఎక్కిన వెంటనే కొంగు, చున్నీ, సంచి తాడు లోపలే ఉన్నాయా అని చూసుకోండి.
- గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు, ముసలివారికి సీటు ఇవ్వండి.
- ఒంటరిగా పోయే ఆడవాళ్లు మహిళలకు కేటాయించిన భాగంలో ఎక్కండి. ఎవరైనా ఇబ్బంది పెడితే గట్టిగా అరిచి, తర్వాతి స్టేషన్‌లో దిగి సిబ్బందికి చెప్పండి. 112 లేదా 181కి ఫోన్ చేయండి.
- వీపు సంచిని ముందుకు తిప్పి తగిలించుకోండి.
- దిగాల్సిన స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే తలుపు దగ్గరికి జరగండి.
- అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు మీ వాళ్లందరూ దిగారో లేదో లెక్క చూసుకుని, ఆ తర్వాతే పై అంతస్తుకో కింది అంతస్తుకో కదలండి.
- యజమాని లేని సంచి కనబడితే దూరం జరిగి సిబ్బందికి చెప్పండి.

ఆపద వచ్చినప్పుడు

- రైలు పెట్టెలో తలుపు దగ్గర ఉన్న ఎమర్జెన్సీ బటన్ నొక్కి డ్రైవర్‌తో మాట్లాడండి. ఏ పెట్టెలో ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పండి.
- పట్టాల మీద మనిషి పడితే పెద్దగా కేకేసి గార్డును పిలవండి, రైలు వచ్చే దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఊపండి.
- పొగ వస్తే నోటికి, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టి, వంగి నడవండి. పొగ పైకి పోతుంది, ఊపిరాడే గాలి కింద ఉంటుంది.
- భూగర్భ స్టేషన్‌లో దిగగానే బయటికి పోయే దారులు కనీసం రెండు చూసి పెట్టుకోండి. మెరిసే పచ్చ గుర్తుల వెంటే బయటికి నడవండి.
- తొక్కిసలాటలో చేతులు రెండూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని, జనం పోయే దిక్కునే పోతూ మెల్లగా ఏటవాలుగా పక్కకు జరగండి.
- కిందపడితే ముడుచుకుని, తలను చేతులతో కప్పుకోండి. లేవగలిగిన క్షణమే లేవండి.
- ఫిట్స్ వచ్చినవారిని పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, చుట్టూ ఖాళీ చేయండి.
- వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి గాలి తగలనివ్వండి. స్పృహ ఉంటేనే నీళ్లు తాగించండి.
- గాయాలకు 108, తప్పిపోయిన పిల్లలకు 1098, దేనికైనా 112 అని గుర్తుంచుకోండి.

చేయకూడనివి

తలుపు దగ్గర

2023 డిసెంబర్ 14న ఢిల్లీ ఇందర్‌లోక్ మెట్రో స్టేషన్‌లో ఒక తల్లి బట్ట రైలు తలుపులో ఇరుక్కుంది. రైలు ఆమెను ఈడ్చుకుపోయింది. రెండు రోజులకు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. చెయ్యి అడ్డం పడితే మూసుకోబోయిన తలుపు తిరిగి తెరుచుకుంటుంది. పలచని బట్టను మాత్రం అది గుర్తుపట్టలేకపోవచ్చు. కొంగు వేసుకునే ప్రతి ఆడమనిషికీ ఇంట్లో వారు ఈ మాట చెప్పాలి.

- తలుపు మూసుకుంటున్న మోత వినపడ్డాక అడుగు ముందుకు వేయకండి. కొద్ది నిమిషాల్లో ఇంకో రైలు వస్తుంది.
- చెయ్యి, కాలు, కర్ర, సంచి అడ్డుపెట్టి తలుపు ఆపకండి.
- పిల్లవాడు లోపల, మీరు బయట ఉండిపోతే తలుపు గుంజకండి, రైలు వెంట పరుగెత్తకండి. గార్డుకు చెప్పండి, తర్వాతి స్టేషన్‌కు కబురు పోతుంది.
- తలుపుకు ఆనుకుని నిలబడకండి. ఏ వైపు తెరుచుకుంటుందో స్టేషన్‌ను బట్టి మారుతుంది.
- వేలాడే కొంగుతో, విప్పిన చున్నీతో ఎక్కకండి, దిగకండి. నడుముకు చుట్టి దోపుకోండి.
- ఫోన్‌లో మాట్లాడుతూ ఎక్కకండి.

పట్టాల దగ్గర

- ఫోన్ పడినా, డబ్బు సంచి పడినా పట్టాల మీదికి దిగకండి. సిబ్బందికి చెబితే తీసి ఇస్తారు.
- మెట్రో పట్టాల మీదికి దిగడం నేరం, 2002 మెట్రో రైల్వే చట్టం కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.
- ప్లాట్‌ఫారం అంచున కూర్చుని కాళ్లు వేలాడేయకండి. ఊరి స్టేషన్‌లో కూడా వద్దు.
- రైలు వస్తోందా అని అంచు మీదినుంచి తల చాపి చూడకండి.
- వెదురు బొంగులు, ఇనుప పైపులు, గెడలు నిలువుగా ఎత్తిపట్టి నడవకండి. హైదరాబాద్ మెట్రోలోనూ రామన్నపేట లైనులోనూ పైన ఉన్నది 25 వేల వోల్టుల తీగ. తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు.
- తీగ మీద చిక్కిన గాలిపటం కోసం, బట్ట కోసం ఏదీ విసరకండి.
- రామన్నపేటలో గేటు పడ్డాక కింది నుంచి బండి దూర్చకండి. ఒక రైలు పోయిందని రెండోది రాదనుకోకండి.
- చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పట్టాల వెంట నడవకండి. కరెంటు రైలు దగ్గరికి వచ్చేదాకా చప్పుడు తెలియదు.
- పట్టాల మీద సెల్ఫీ దిగకండి, పిల్లలను దింపి ఫొటో తీయకండి.

సామాను

సిరిపురం, వెల్లంకి వైపు నుంచి చీరలతో పోయి, తిరిగి రంగులు కొనుక్కుని వచ్చే కుటుంబాలు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. రంగుల దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చేది మామూలు పొడిలాగే కనిపిస్తుంది. ఇంట్లో రోజూ వాడే వస్తువు కాబట్టి భయం పోయింది. కిక్కిరిసిన రైలు పెట్టెలో అదే వస్తువు వందల మందికి ముప్పు.

- అద్దకానికి వాడే హైడ్రోస్ మెట్రోలోకి తేకండి. చెమ్మ తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది.
- హైడ్రోస్ ఉన్న సంచిలో నీళ్ల సీసా, తడి తువ్వాలు పెట్టకండి. వాన రోజున ఎక్కడికీ మోసుకుపోకండి.
- కాస్టిక్ సోడా, యాసిడ్ సీసాలు వెంట తేకండి. ఒలికితే చర్మం, కళ్లు కాలిపోతాయి. దుకాణందారుతోనే సరుకు బండికి ఎక్కించండి.
- పురుగు మందుల డబ్బాలను సద్ది డబ్బా ఉన్న సంచిలో వేయకండి, రైలెక్కించకండి.
- పెట్రోలు, కిరోసిన్, గ్యాస్ బుడ్డి, దీపావళి పటాకులు తేకండి.
- కొడవలి, గొడ్డలి, కత్తి సంచి అడుగున దాచి తేకండి. తనిఖీలో పట్టుబడతాయి, ప్రయాణం ఆగిపోతుంది.
- కల్లు సీసాలు తేకండి, తాగి రాకండి. తూలినవాడికి పసుపు గీత కనపడదు.
- కోళ్లను, మేకపిల్లలను సంచిలో పెట్టి తేకండి.
- చీరల మూటను తలుపు దగ్గర, మెట్ల మొదట్లో దింపకండి. వెనుక వచ్చేవారు తట్టుకుని పడతారు.
- తెలియనివారు ఇచ్చిన సంచిని ఒక్క స్టేషన్ దూరమైనా మోయకండి.

మెట్లు, లిఫ్టుల దగ్గర

- కదిలే మెట్ల మీద మూట పెట్టి దాని వెనుక నిలబడకండి. అది దొర్లితే మీ మీదే పడుతుంది.
- పిల్లలను మెట్ల మీద కూర్చోనివ్వకండి, పక్క గోడకు చెప్పు రాయనివ్వకండి.
- ఎదురు దిక్కున పోయే మెట్లెక్కకండి.
- మెట్లు దిగిన చోటే నిలబడి దారి వెతకకండి. వెనుక నుంచి మనుషులు వస్తూనే ఉంటారు.
- మూసుకుంటున్న లిఫ్టులో చెయ్యి పెట్టకండి.
- మంట, పొగ కనిపిస్తే లిఫ్టు ఎక్కకండి.

స్టేషన్ కింద, రోడ్డు మీద

- వాన పడితే స్టేషన్ కింద, స్తంభాల పక్కన తలదాచుకోకండి. 2019 సెప్టెంబర్ 22న అమీర్‌పేట స్టేషన్ కింద వానకు నిలబడిన యువతి తల మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ప్రాణం తీసింది. లోపలికి పోండి, లేదా పక్క దుకాణంలోకి పోండి.
- వాన రోజున స్కైవాక్ మెట్ల మీద గుంపుగా ఆగిపోకండి. 2017 సెప్టెంబర్ 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద వానకు జనం నిలిచిపోయి, తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు.
- ఎల్.బి. నగర్‌లో బస్సు కోసం రోడ్డు మధ్య దాకా పోయి నిలబడకండి.
- కదులుతున్న బస్సు వెంట పరుగెత్తకండి, కమ్మీ పట్టుకుని వేలాడకండి.
- డివైడర్ మీది నుంచి దూకకండి, కంచె సందుల్లోంచి దూరకండి.
- నీళ్లు నిలిచిన చోట అడుగు వేయకండి, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండవచ్చు.
- డ్రైవర్ పక్కన వేలాడుతూ షేర్ ఆటోలో పోకండి.
- అడగకుండానే వచ్చి సామాను అందుకునేవారికి సంచి ఇవ్వకండి.

ఆపద వేళ

- పట్టాల మీద పడిన మనిషి కోసం మీరు దూకకండి. ఒక శవం రెండు శవాలవుతుంది.
- రైలు రెండు స్టేషన్ల మధ్య ఆగితే తలుపు బలవంతంగా తెరవకండి. పక్క పట్టా మీద రైలు ఉండవచ్చు, కింద రోడ్డు చాలా లోతు.
- ఏం జరిగిందో తెలియకుండా "బాంబు", "మంట" అని అరవకండి. భయంతో పరుగెత్తే జనం మంట కంటే ముందు చంపుతారు.
- జారిన చెప్పు కోసం, పడిన ఫోన్ కోసం గుంపులో వంగకండి.
- కరెంటు తగిలిన మనిషిని వట్టి చేత్తో తాకకండి, పైతీగ దగ్గరైతే అసలు దగ్గరికి పోకండి.
- ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో ఏదీ కుక్కకండి. తాళాలతో ఫిట్స్ తగ్గవు, చేతికి గాయమవుతుంది.
- అవసరం లేకుండా ఎమర్జెన్సీ బటన్ నొక్కకండి.
- భూగర్భ స్టేషన్‌లో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల వెలిగించకండి. 1987 నవంబర్ 18న లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో చెక్క మెట్ల కింద పడిన ఒక అగ్గిపుల్ల 31 మందిని బలితీసుకుంది.
- పొగ నిండుతుంటే సామాను సర్దుతూ, వీడియో తీస్తూ నిలబడకండి. 2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియా డేగు నగరంలో ఒక మెట్రో రైలు తగలబడుతుండగా పక్కన ఆగిన రైలు తలుపులు మూసుకుపోయి, మొత్తం 192 మంది చనిపోయారు.
- సిబ్బంది బయటికి పొమ్మన్నాక మరచిన వస్తువు కోసం వెనక్కి పోకండి.

రాత్రి తిరిగి వచ్చేటప్పుడు

- ఆఖరి మెట్రో కోసం మెట్లమీద పరుగులు తీయకండి.
- ఆఖరి బస్సు తప్పిపోతే హైవే మీద లారీలను, తెలియనివారి కార్లను ఆపి ఎక్కకండి. ఎల్.బి. నగర్, ఉప్పల్ బస్టాపుల్లో దీపాలు ఉండి నలుగురు మనుషులున్న చోటే ఆగి ఇంటికి ఫోన్ చేయండి.
- చీరల డబ్బు చేతిలో ఉన్న రోజు ఎంత వచ్చిందో బస్సులో ఫోన్ మీద చెప్పకండి.
- ఉప్పల్‌లో ఎక్కి వలిగొండ దాకా నిద్రపోయే అలవాటుంటే పిల్లలను కిటికీ పక్కన తల బయటపెట్టేలా కూర్చోబెట్టకండి.
- రామన్నపేటలో రైలు పూర్తిగా ఆగకముందు దూకకండి, ప్లాట్‌ఫారం లేని వైపు దిగకండి.